క్లైంబింగ్ స్టిక్కులు చప్పుడు గాకుండా చెట్టుకు ఎట్ల కట్టాలె? (కెమెరా కోసమే, వేట కోసం కాదు)

కుంటకట్ట_స్టూడియో (దేవరకొండ) అడిగింది:

అందరికీ దండాలు. దేవరకొండల నాది చిన్న ఫొటో స్టూడియో. పెండ్లిళ్లు, చీరె ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజులు, అదే బతుకు. మూడేండ్ల సంది పిట్టల పిచ్చి పట్టింది. మూఢం వచ్చి పెండ్లిళ్లు లేకుంటే చాలు, కెమెరా సంకకేసుకొని కుంటల పొంటి తిరుగుడే. మా ఇంటామె ఏమంటదో ఇక్కడ రాయను.

మా అత్తగారి చెల్క చందంపేట దిక్కున్నది. నాలుగెకరాలు, యాసంగిల పల్లి వేస్తరు. చెల్క కిందనే ఒక కుంట. మిషన్ కాకతీయల పూడిక తీసినప్పటి సంది సంక్రాంతి దాటేదాక నీళ్లుంటున్నయ్. అవతల గుట్ట, గుట్ట దాటితే ఫారెస్టు. పొద్దుగూకేటప్పుడు కుంటకు రానిది లేదు. కొంగలు, కౌజులు, నెమళ్లు, ముంగిసలు, చీకటి పడ్డంక అడవి పందులు. కింద కూచొని ఫొటో తీద్దామంటే తుంగ అడ్డం. అదీగాక పందుల ముంగట నేల మీద కూచునే ధైర్యం నాకు లేదు. కట్ట పక్కన పెద్ద యాప చెట్టుంది. పన్నెండు, పదమూడు అడుగుల ఎత్తుల మంచి కొమ్మ. ఆడ కూచుంటే కుంట మొత్తం పళ్లెంల పెట్టినట్టు కనవడ్తది.

మా బామ్మర్ది డాలస్‌ల ఉంటడు. కొన్నాళ్లు దోస్తులతోని జింకల వేటకు పోయిండట, తర్వాత మోకాలు నొప్పని మానేసిండు. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఆ సామాను నాకిచ్చిండు: నాలుగు అల్యూమినియం స్టిక్కులు, పట్టీలు, నడుముకు కట్టుకునే జీను. ఒక్కో స్టిక్కు ఇరవై ఇంచులు, రెండు దిక్కుల కాలు పెట్టేతందుకు మెట్లు. చెట్టుకు పట్టీతోని బిగించి, దాని మీద ఎక్కి, ఇంకోటి పైన బిగించుకుంట పోవుడన్నట్టు. బరువేం లేవు, ఒక్కోటి కిలో, కిలోంబావు. సంచిల పడ్తయ్.

అయితే చప్పుడు, అన్నా! సంచిలకెళ్లి తీసేటప్పుడే ఒకదానికొకటి తాకి గంట కొట్టినట్టు ఖంగుమంటయ్. పట్టీకున్న ఇనుప బకిల్ స్టిక్కుకు కొట్టుకుంటది. బెరడు మీద గీరితే పెచ్చులు రాల్తయ్. మొదటి స్టిక్కు కట్టేలోపే కట్ట మీదున్న తీతువు లేస్తది. ఒక్క తీతువు ఒర్రిందంటే ఇంకేంది, కుంట ఖాళీ. అది ఊరికే ఒర్రదు కదా, నెత్తి మీద చక్కర్లు కొట్టుకుంట నన్ను అందరికీ చూపిస్తది.

పోయిన వారం ఇంకో కథైంది. ఆలస్యమై, మసక పడ్డంక కట్టడం మొదలువెట్టిన. రెండో స్టిక్కు చేయి జారి మొదటి దాని మీద పడ్డది. పక్క చెల్కల బోరు కాడ పండుకున్న కాకకు ఇనుము చప్పుడు వినవడ్డది. మా దిక్కు మోటరు కేబుళ్లు కోసుకపోయేటోళ్ల బెడద మీకు తెల్వంది కాదు. "ఎవడ్రా అది, స్టార్టరు డబ్బా కాడ" అనుకుంట ఆయన, ఆయన కొడుకు, రెండు కుక్కలు, ఒక టార్చిలైటు. నేనేమో ఆరడుగుల ఎత్తుల చెట్టును కరుసుకొని "కాకా, నేనే, అల్లుణ్ణి" అని మొత్తుకుంటున్న. దింపి, నీళ్లు తాగిచ్చి, తెల్లారి ఊరంత చెప్పిండు.

అడిగేదేందంటే: ఇవి వాడినోళ్లు ఎవలన్న ఉన్నరా? చప్పుడు గాకుండా కట్టే ఉపాయమేంది? పట్టీలు తీసేసి మంచం నవారు కడితే మెత్తగుంటదా అని కూడా ఆలోచిస్తున్న. తెల్వకనే అడుగుతున్న, నవ్వొద్దు.

మిర్యాలగూడ_టు_మిషిగన్ జవాబు:

ముందుగాల నవారు మాట మర్చిపో అన్నా. ఈ ఒక్కటి చదివి మిగతాది చదవకపోయినా పర్లేదు. నవారు మంచానికి ఎందుకు బాగుంటదంటే సాగుతది కాబట్టి. చెట్టు మీద అదే సాగుడు నిన్ను కింద పడేస్తది. స్టిక్కుతో వచ్చిన పట్టీ కూడా ఎండకు వెలిసి, అంచుల పోగులు లేచి ఉంటే పారేసి కొత్తది తెప్పించుకో. బామ్మర్ది వాడి ఎన్నేండ్లైందో అడుగు.

నేను మిర్యాలగూడోణ్ణి, ఇక్కడ మిషిగన్‌ల విల్లుతోని తెల్లతోక జింకల వేట చేస్తా. లైసెన్సుతోనే. ఇక్కడ విల్లు సీజను అక్టోబర్ 1న తెరుస్తరు. మన దగ్గర జింకను కొట్టుడు నేరం, ఇక్కడ లెక్క ప్రకారం కొట్టకుంటే మందలు పెరిగి పొలాల మీద పడ్తయ్. దాని మీద వాదన ఇక్కడ వద్దు. చెట్టెక్కుడు మాత్రం కెమెరాకైనా విల్లుకైనా ఒక్కటే.

నేను సర్కారు భూములల్ల వేటాడ్తా కాబట్టి ఇయ్యాల ఒక చెట్టు, రేపు ఇంకొకటి. అందుకే ఈ స్టిక్కులు. చెట్టుకు మేకు మెట్లు దించుదామంటే ఇక్కడ సర్కారు భూమిల చెల్లదు, బెరడు దాటి లోపలికి పోయేదేదీ పెట్టొద్దు. ఇగ జింక చెవులు నీ తీతువు కంటే తక్కువేం కాదు. నాకు మొదటి ఏడు మొత్తం తోకలే కనవడ్డయ్, ముఖాలు కనవడలే.

చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తదో ముందు పట్టుకోవాలె. ఇంట్ల ఒక పని చెయ్. రాత్రి లైటు ఆర్పి, కండ్లు మూసుకొని సంచిలకెళ్లి నాలుగు స్టిక్కులు తీసి, మళ్లీ పెట్టు. ఏది దేనికి తగిలితే ఖంగుమన్నదో ఆడ సుద్దముక్కతోని గీత గీయి. గీత పడ్డ ప్రతి చోటా ఏదన్న మెత్తది చుట్టాలె. ఇక్కడ దానికోసం అంటించే పట్టీలు అమ్ముతరు, దండిగ పైసలు గుంజుతరు. నీకు అవి అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు చాలు. నిలువుగ కోసి, ఇంచున్నర వెడల్పు ముక్కలు చేసి, గొట్టానికి సాగదీసి చుట్టు, చివర్ల దారంతోని బిగించు. అల్యూమినియం గొట్టం లోపల బోలు ఉంటది, అందుకే గంటలెక్క మోగుతది. రబ్బరు చుడితే ఆ మోత చచ్చి "ధబ్" అంటది. "ధబ్" అంటే అడవిల కొమ్మ పడ్డట్టు. "ఖంగ్" అనేది అడవిల ఏదీ అనదు.

కాలు పెట్టే మెట్టు మీద మాత్రం నున్నటి ట్యూబు చుట్టకు. మంచు పడితే సబ్బులెక్క జారుతది.

బకిలే అసలు దొంగ. ఎక్కేటప్పుడు పట్టీ ఏలాడి బకిల్ ఊగుతది కదా, అదే కొట్టుకుంటది. ప్రతి పట్టీని స్టిక్కుకే చుట్టి, బకిల్ లోపలికి పోయేటట్టు మడిచి, రబ్బరు ముక్కతోని పట్టి ఉంచు. చెట్టు కాడికి వచ్చినంక ఆ రబ్బరు తియ్యంగనే పట్టీ కొస నీ ఎడమ చేతిల ఉండాలె. ఎడమ చేత్తోని చెట్టు వెనక నుంచి తిప్పి, కుడి చేత్తోని అందుకోవాలె. విసరొద్దు. మొదట్ల నేనూ విసిరేటోణ్ణి. అవతల దిక్కు నుంచి బకిల్ తిరిగొచ్చి పండ్లకు తాకింది.

కట్టినంక కిందికి ఒక్క గుంజు గుంజి కూచోబెట్టు. అప్పుడే బరువు వెయ్. కూచోబెట్టకుంట కాలు పెడితే స్టిక్కు జర్రున రెండించులు జారి కరిసి పట్టుకుంటది. ఆ "కిర్ర్" చప్పుడుకు కుంట ఖాళీ అయితది, నీ గుండె కూడా.

ఇగ అన్నిటికన్న పెద్ద సంగతి. కిందికెళ్లి కాలు లేచిన క్షణం నుంచి, మళ్లీ కాలు నేలకు తాకేదాక, చెట్టు చుట్టూ తాడు ఉండాలె. నడుము జీనుకు రెండు దిక్కుల కొక్కేలుంటయ్ చూడు, చెట్టు చుట్టూ తిప్పే తాడు వాటికే. అది వేసుకుంటే రెండు చేతులూ ఖాళీ అయితయ్. చేతులు ఖాళీ ఉన్నోడు నిమ్మళంగ కడతడు, నిమ్మళంగ కట్టినోడు చప్పుడు చెయ్యడు. ఒక చేత్తోని చెట్టును కరుసుకొని ఇంకో చేత్తోని కట్టబోతేనే నీ స్టిక్కు జారింది. పైకి పోయినంక ఇంకో తాడు తలకాయ కంటే పైన కట్టుకొని, దానికి జీనును తగిలించి, అప్పుడే నడుము తాడు విప్పు. ఒక వేళ జారి జీనుల ఏలాడితే ఊరికే ఏలాడుకుంట ఉండొద్దు, రక్తం కాళ్లల్ల నిలుస్తది, తెలివి తప్పుతది. కాలు పెట్టేతందుకు ఒక తాడు ఉచ్చు జేబుల పెట్టుకో. పక్క చెల్కల కాకను తిట్టకు. నువ్వు పడితే వచ్చేది ఆయనే.

కెమెరా మెడల వేసుకొని ఎక్కొద్దు. సంచిల పెట్టి, సంచికి తాడు కట్టి కింద వదిలి, పైకి పోయి కూచున్నంక గుంజుకో. నీ స్టిక్కులు నాలుగంటున్నవ్, మొదటి దాన్ని మోకాలెత్తుల కట్టి, మధ్యల స్టిక్కంత జాగ ఇడిచిపెడితే పదమూడు అడుగులు అందుతయ్. నీ కొమ్మకు చాలు.

రెండు చిన్న ముక్కలు. జిప్పు, వెల్క్రో ఉన్న అంగీ వేసుకోకు. వెల్క్రో పీకుడు చీకట్ల బట్ట చింపినట్టు ఉంటది. రెండోది, పందులకు కండ్లు అంతంతే కాని ముక్కు ముక్కే. చలికాలం మన దిక్కు గాలి ఈశాన్యం నుంచి వస్తది. పొద్దుగూకినంక సల్లబడ్డ గాలి పల్లానికి జారి కుంటలకే దిగుతది. నీ చెట్టు కట్ట మీదుంది కాబట్టి నీ వాసన కూడా దాంతోనే దిగుతది. పందులు ఏ దిక్కు నుంచి వస్తయో చూసి చెట్టు మార్చు. ఒకే చెట్టు రెండుసార్లు వాడకు. ఇక్కడ మేం అదే చేస్తం. ముసలి జింక ఒకసారి మనిషి వాసన పట్టిందంటే ఆ చెట్టు కిందికి వచ్చే ముందు తల ఎత్తి పైకి చూస్తది.

మోకు_ముస్తాదు (మునుగోడు దిక్కు) జవాబు:

తమ్మీ, నేను కల్లు గీస్త. ఇరవై రెండేండ్లైంది. మా పిల్లగాడు ఫోన్ల ఇది చూపించిండు, నేను చెప్తుంటే వాడు రాస్తుండు.

అమెరికా తమ్ముడు చెప్పింది మంచిగనే ఉంది, తాడు సంగతి బంగారం. ఒక్కటి మాత్రం నాకు ఒప్పదు. ఒకే చెట్టు రెండుసార్లు ఎక్కొద్దన్నడు. నేను పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి, దినాం అవే చెట్లు ఎక్కుత. తాటి మట్టలల్ల గోరింకలుంటయ్, ఉడతలుంటయ్. కొత్త మనిషి చెట్టు మొదలు కాడికి వస్తేనే లేచిపోతయ్. నేను మోకు (నడుముకు, చెట్టుకు కలిపి వేసుకునే తాడు) వేసుకొని గెల కాడికి పోయినా ఉడత ఇంత దూరం జరిగి కూచుంటది. లొట్టి దించి, కత్తితోని గెల చెక్కి మళ్లీ కట్టేదాక చూస్తది. నా మోకు చప్పుడు దానికి ఎరుకే. యాళ్లకు వస్తడు, యాళ్లకు పోతడు, వీనితోని ఏం లేదు అనుకుంటది కావచ్చు.

అమెరికల జింకకు మనిషంటే సావు. అందుకే ఆ తమ్ముడు చెట్టు మార్చాలె. నీ కుంట కాడి తీతువుకు నువ్వు సావు కాదు, కొత్తోనివి. అంతే తేడా. చెట్టు మార్చినకొద్దీ దినాం కొత్తోనివే అయితవు. నన్నడిగితే అదే యాపకు, అదే యాళ్లకు, పది రోజులు పో. మొదటి నాలుగు రోజులు కెమెరా ఇంట్ల పెట్టు. ఊరికే ఎక్కు, కూచో, దిగు. ఎండ ఉండంగనే, నాలుగు గంటలకే ఎక్కు, పిట్ట వచ్చే ముందే నువ్వు చెట్టు మీదుండాలె. తీతువు ఒర్రితే ఒర్రనియ్. ఎంత సేపు ఒర్రుతది? దానికీ గొంతు నొస్తది.

ఇగ ఎక్కుడు. మోకు వేసుకొని ఎక్కేటోనికి ఒక గుట్టు ఉంటది. మోకును గుంజి పైకి జరపొద్దు. గుంజితే బెరడును గీరుకుంట పోతది, చప్పుడు, పెచ్చులు, మోకు అరుగుడు, అన్నీ నష్టమే. ఒళ్లును చెట్టుకు ఒత్తాలె. ఒత్తంగనే మోకు వదులైతది. వదులైనప్పుడు చెట్టుకు తాకకుంట లేపి పైన పెట్టాలె. మళ్ల ఎనుకకు ఒరగంగనే అదే కరుస్తది. నువ్వు నడుముకు వేసే తాడుకూ ఇదే లెక్క. ఒత్తు, లేపు, ఒరుగు. నీ స్టిక్కు పట్టీ కూడా ఒరిగి బిగించకు, ఒత్తి బిగించు.

ఊపిరి గట్టిగ పీల్చుకుంట ఎక్కకు. మా నాయిన అనేటోడు, చెట్టెక్కేటోని ఊపిరి కింద నిలవడ్డోనికి వినవడితే వాడింక నేర్వలేదని.

చెట్టు సంగతి. యాప బయటికి పచ్చగుండి లోపల బోలు ఉండొచ్చు. పాలమూరు పిల్లలమర్రిని చూడు. మూడెకరాలు పాకిన మాను, 2017ల కొమ్మ విరిగి పడ్డది, లోపల చెదలు తిన్నయ్. తర్వాత ఏడాది మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు పోసిన్రు. అంత మానుకే దిక్కులేదు, నీ యాప ఎంత? కత్తి మాడుతోని మొదలు చుట్టూ కొట్టి చూడు. గట్టిది "టక్" అంటది, బోలుది "డబ్" అంటది. నువ్వు కూచునే కొమ్మ మాను నుంచి విడిపోయే గుజ్జ కాడ చీలిక, నల్లటి నీరు కారిన చార ఉంటే వద్దు. ఎర్ర చీమల గూడుంటే వద్దు. మంచు పడ్డ తెల్లారి అసలే వద్దు.

నాకు కూడా సర్కారు ఇచ్చిన కాటమయ్య రక్షణ కవచం ఉంది, కల్లు గీసేటోళ్లు పడకుంట కట్టుకునే పట్టీల జీను. 2024 జులైల లష్కర్‌గూడల మొదలువెట్టిన్రు కదా, అదే. మొదట్ల మావోళ్లంత నవ్విన్రు, ఇన్ని పట్టీలు కట్టుకొని ఎన్ని చెట్లు ఎక్కుతం, తెల్లారే అయితది అని. నేనూ నవ్విన. మా వాడకట్టోడే ఒకడు మోకు తెగి పడ్డడు, నడుము పోయింది, ఇయ్యాల్టికి మంచం మీదనే ఉన్నడు. ఆ ఇంటికి పోయొచ్చిన రోజు నుంచి పట్టీలు కట్టుకోకుంట ఎక్కుతలేను. కట్టుకునేతందుకు అయ్యేది చుట్ట కాల్చినంత సేపు.

నల్లమల_నడక జవాబు:

పైన ఇద్దరూ ఎక్కడం గురించి చెప్పారు, నేను దిగాక వచ్చే ఇబ్బంది గురించి చెప్తాను. మన్ననూరు వైపు జంతువుల లెక్కింపులో రెండు సార్లు వాలంటీరుగా తిరిగాను.

మీ గుట్ట అవతల ఉన్నది మామూలు అడవి కాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది, 2,611 చదరపు కిలోమీటర్లు. మీ చెట్టు పట్టా భూమిలో ఉన్నంతవరకు ఫొటో తీసుకోవడానికి అడ్డం లేదు. కానీ రాత్రిపూట చెట్టు మీద జీను కట్టుకుని, ముదురు రంగు బట్టలేసుకుని, పక్కన విల్లువేటగాళ్ల సామాను పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఫారెస్టు బీట్ ఆఫీసరు ఏమనుకోవాలి? 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, ఇవన్నీ వేటే. పందులు రావాలని కుంట దగ్గర నాలుగు మక్కకంకులు పారేసి ఫొటో తీద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టం రెండో షెడ్యూల్లో (రక్షణ ఉన్న జంతువుల జాబితా) ఉంది, నెమలి మొదటి దాంట్లో.

ముందే బీట్ ఆఫీసరుకు చెట్టు ఫొటో, చెల్క సర్వే నంబరు వాట్సాప్ చేసి, ఫలానా రోజుల్లో ఫలానా టైముకు ఉంటానని చెప్పండి. మోటరు కేబుల్ కాకకు కూడా.

ఇంకొకటి, నాకు ఇదే ఎక్కువ భయం. పల్లి చేన్ల చుట్టూ పందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. చేసేది నేరమని తెలిసీ చేస్తారు. చీకట్లో అల్యూమినియం కర్రలు సంచిలో వేసుకుని గట్ల మీద నడిచే మనిషి దాన్ని తాకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల నాలుగు చెల్కలవాళ్లని పగలే అడగండి. సిగ్గుపడి చెప్పకపోవచ్చు, అందుకే మీరే గట్టు మొత్తం పగటిపూట ఒకసారి నడిచి చూడండి. దిగాక వెనక్కి అదే దారిలో రండి, అడ్డదారి వద్దు.

గూళ్ల దగ్గరికి స్టిక్కులు కట్టి ఎక్కొద్దని కూడా చెప్దామనుకున్నా. మీరు అలాంటివారు కాదనిపిస్తోంది.

కుంటకట్ట_స్టూడియో (దేవరకొండ):

అందరికీ ఎట్ల చెప్పాల్నో తెల్వదు. పన్నెండు రోజులైంది, జరిగింది రాస్తున్న.

ముందుగాల గట్టు నడిచిన. మూడు చెల్కల ఏం లేదు. నాలుగో చెల్కల, నేను దినాం అడ్డం పడి పోయే బాటల్నే, రెండు గూటాలకు బైండింగు వైరు కట్టి ఉంది. పగలు కనెక్షను లేదు. రాత్రి పెడ్తరో లేదో నేను అడగలే. మా మామను తోలిన, మాట్లాడిండు, తెల్లారి వైరు లేదు. దాని గురించి ఇంక రాయ.

నాలుగు స్టిక్కులకు సైకిల్ షాపుల అడిగి తెచ్చిన పాత ట్యూబు చుట్టిన. లైటు ఆర్పి సంచిల పెట్టి తీసే పని మా ఇంటామె ముంగట చేసిన, ఆమె చెవులు నాకంటే మంచియ్. "ఇగో ఇప్పుడు అన్నది, ఇగో మళ్ల అన్నది" అని చెప్పింది, నేను సుద్దతోని గీసిన. పదకొండు గీతలు పడ్డయ్. పట్టీలు నిజంగనే ఒకదాని అంచు పోగులు లేచి ఉన్నది. నాలుగూ కొత్తయి తెప్పించిన.

గౌడన్నా, మీరు చెప్పినట్టు కెమెరా లేకుంట నాలుగు రోజులు పోయిన. నాలుగు గంటలకు ఎక్కుడు, ఏడింటికి దిగుడు. మొదటి రోజు తీతువు పద్దెనిమిది నిమిషాలు ఒర్రింది, గడియారం చూసిన. రెండో రోజు పన్నెండు. మూడో రోజు మళ్లీ ఇరవై, ఎందుకో. ఐదో రోజు నేను మూడో స్టిక్కు మీదున్నప్పుడు ఒక్కసారి "టిట్" అన్నది, లేవలే. కట్ట మీద నిలవడి ఒక్క కాలు మడిచి నన్నే చూసింది. ఒత్తు, లేపు, ఒరుగు అని మనసుల అనుకుంటనే ఎక్కిన. ఎక్కువసార్లు ఒరిగే గుంజిన, ఒకటి రెండుసార్లు మీరన్నట్టు తాడు గాలిల లేచింది. గప్పుడు తెలిసింది మీరేమంటున్నరో.

ఆరో రోజు కెమెరా తోని. కౌజులు పదమూడు, వరుసల నీళ్లకు వచ్చినయ్. కింద నా చెప్పులు ఇడిచిన కాడికి ఒక పిల్ల కౌజు పోయి వాటిని పొడిచి చూసింది. లెన్సు కిందికి తిప్పేలోపు పోయింది. షట్టరు చప్పుడు లేకుండ పెట్టినా, లెన్సు రింగు తిప్పుడు నా చెవికి గిర్రున వినవడ్డది. వాటికి వినవడలేనట్టుంది.

పందులు మాత్రం రాలే. మిర్యాలగూడన్న చెప్పిన వాసన నిజమే. రెండు రోజులు అవతలి ఒడ్డు దాక వచ్చినయ్, తుంగల గురగుర వినవడ్డది, నేను మెసలలే, అయినా ఒకటి "హుఫ్" అన్నది, అన్నీ ఎనుకకు మళ్లినయ్. పగటి పూట ఒక అగ్గిపుల్ల కాల్చి పొగ ఎటు పోతదో చూసిన, సీదా కుంటలకే. అందుకే పిట్టలకు ఈ యాప, పందులకు అవతలి ఒడ్డున కానుగ చెట్టు చూసుకున్న. ఇద్దరి మాటా నెగ్గింది అనుకోండి.

బీట్ ఆఫీసరు సారుకు వాట్సాప్ పెట్టిన. బొటనవేలు గుర్తు పంపిండు. రెండు రోజులకు ఆయనే వచ్చి కింద నిలవడి "ఏమన్న వచ్చినయా" అని గట్టిగ అడిగిండు. వచ్చినయ్ సార్, మీ మాటకు పోయినయ్ అనలేక నవ్విన.

ఇప్పుడు కొత్త తిప్పలు. దినాం కట్టి విప్పుడు ఎందుకని మొన్న స్టిక్కులు యాపకే ఇడిచిపెట్టొచ్చిన. నిన్న పోయే వరకు కోతుల మంద. ట్యూబు ముక్కలన్నీ పీకి కింద పారేసినయ్, ఒక పిల్ల కోతి రెండో స్టిక్కు మీద కూచొని రబ్బరు నములుతుంది. గౌడన్నా, మీ మోకును కోతులు ముట్టవా? వాటికి రుచించనిది ఏదన్న ఉంటే చెప్పున్రి, దాంతోనే చుడ్త.

మోకు_ముస్తాదు (మునుగోడు దిక్కు):

మోకును చెట్టుకు ఎవడు ఇడిచిపెడ్తడు తమ్మీ. భుజానికేసుకొని ఇంటికి తెచ్చుకుంటం. నువ్వూ తెచ్చుకో.